మారాల్సింది పథ్యం పట్టిక

చోడవరం చుట్టుపక్కల ఊళ్లలో మందు మొదలైందంటే పథ్యమూ మొదలైనట్టే. ముందుగా వంకాయ, గోంగూర, ఎండుచేపలు వంటింటి నుంచి మాయమవుతాయి. ఇంగ్లీషు వైద్యం వచ్చాక చదువుకున్నవాళ్లు దీన్ని చాదస్తమని కొట్టిపారేశారు. అది తొందరపాటు. తిండి మందు మీద పనిచేస్తుందన్న మూలసూత్రం నిజమే. ఒకే పట్టికను అన్ని మందులకూ అంటగట్టడంలోనే వచ్చింది చిక్కంతా.

క్యాన్సర్ మందుల చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. పథ్యం ఆయనకు కొత్త కాదు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. ఆకుకూరల్లో, కాలేయంలో ఉండే పోషకమది. రక్తానికి మేలు చేసేదే కదా అని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు దాని సంబంధిత పదార్థాలు ఇస్తే, జబ్బు ఇంకా ముదిరినట్టు కనబడింది. సరే, దాని విరోధినే ఇచ్చి చూద్దామనుకున్నారు. సుబ్బారావు బృందం పంపిన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కు తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. నేటి మెథోట్రెక్సేట్ ఆ కోవదే. క్యాన్సర్ కణం చేత ఒక పోషకానికి పథ్యం పట్టించడమే ఆ మందు చేసే పని. అందుకే దాన్ని వాడేవారు డాక్టరు చెప్పకుండా ఫోలిక్ మాత్రలు మింగకూడదు.

తర్వాతి మాత్రలు ఈ సంగతిని ఇంకా సూటిగా చెప్పాయి. ఇమాటినిబ్, నిలోటినిబ్ రెండూ ఒకే రకం రక్తక్యాన్సర్‌కు వాడేవి. మొదటిది తిండితోపాటు, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. రెండో దాని గొట్టం మాత్రలు ఖాళీ కడుపునే మింగాలి, తిండితో కలిస్తే రక్తంలో మందు పెరిగి గుండె లయ తప్పవచ్చు. గ్రేప్‌ఫ్రూట్ రెంటికీ పడదు. మందును విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఆ పండుకు పూర్వీకురాలైన మన పంపరపనసలోనూ అవే పదార్థాలున్నాయి. వంకాయ ఊసు మాత్రం ఈ సూచనల్లో ఎక్కడా లేదు!

పాత పథ్యం పాటిస్తే పోయేదేముందని అడగవచ్చు. పోయేది ఒంట్లో సత్తువ. కీమోతో నోరు చేదెక్కి, బరువు తగ్గుతున్న మనిషికి గుడ్డు, చేప, పప్పు ఆపేస్తే చికిత్సను తట్టుకునే శక్తే ఉండదు. చోడవరం నుంచి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవారు ప్రతి మాత్రకూ విడిగా అడగండి: తినకముందా, తిన్నాకా, దేనితో పడదు? ఇంట్లో తాగుతున్న కషాయం సంగతీ దాచకుండా చెప్పండి.