గోడలోకి వెళ్లిన తీగ, చేతికి రాని డబ్బు

1791లో అమెరికా కొత్త రాజధాని ఇంకా కాగితం మీదే ఉంది. పొటోమాక్ నది ఒడ్డున స్థలాలు వేలం వేశారు గానీ కొనేవాళ్లు అంతంతమాత్రమే. ఇళ్లు కట్టే మేస్త్రీల భయం మరోటి. సొంత డబ్బుతో సరుకు తెచ్చి, కూలీలకు చెల్లించి ఇల్లు లేపాక యజమాని ముఖం చాటేస్తే ఏం చేయాలి? ఆ ఏడాది డిసెంబరులో మేరీల్యాండ్ శాసనసభ దీనికి జవాబుగా ఒక చట్టం చేసింది. వాషింగ్టన్‌లో ఇల్లు కట్టినవారికి రావలసిన డబ్బు రాకపోతే, ఆ ఇంటి మీదే హక్కు ఉంటుంది. అమెరికాలో ‘మెకానిక్స్ లీన్’కు ఇదే నాంది.

అదే నగరానికి నమూనా గీసిన పియేర్ లాన్‌ఫాంట్‌కు మాత్రం ఏ చట్టమూ అక్కరకు రాలేదు. ఫీజు ఎంతో తేల్చుకోకుండానే ఆయన పని మొదలుపెట్టాడు. 1792లో పని పోయింది. 500 గినీలు, ఒక స్థలం ఇస్తామంటే చాలదని తిరస్కరించాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కాంగ్రెస్‌కు అర్జీలు పెట్టుకున్నాడు. 1825లో పరాయి పంచన పేదవాడిగానే కన్నుమూశాడు.

ఈ లీన్ హక్కు ఇంగ్లండ్ నుంచి వచ్చింది కాదు. అక్కడి న్యాయ సంప్రదాయంలో వస్తువు చేతిలో ఉన్నవాడికే పట్టు. మనకూ అదే సంక్రమించింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, తనకు అప్పగించిన వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టినవాడు కూలి ముట్టేదాకా దాన్ని తన దగ్గరే ఉంచుకోవచ్చు. వాచీ బాగుచేసేవాడికి ఇది చాలు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌కు? గోడ చెక్కి, పైపులు దించి, వైర్లు లాగి, ప్లాస్టరింగ్ అయిపోయాక అదంతా యజమాని ఇంట్లో భాగం. దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

పెద్ద కట్టడాల్లో చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడ కరెంటు పనివాడు సబ్ కాంట్రాక్టర్. యజమాని మెయిన్ కాంట్రాక్టర్‌కు ఇస్తాడు, ఆయన వీళ్లకు ఇవ్వాలి. పైగా ప్రభుత్వ భవనాన్ని ఎవరూ వేలం వేయించలేరు. అందుకే అమెరికాలో 1894లో హర్డ్ చట్టం, దాని స్థానంలో 1935లో మిల్లర్ చట్టం వచ్చాయి. భవనానికి బదులు మెయిన్ కాంట్రాక్టర్ హామీ బాండు ఇవ్వాలి, కింది వాళ్లు దాని మీద దావా వేయవచ్చు. మెయిన్ కాంట్రాక్టర్‌తో నేరుగా ఒప్పందం లేనివారు తమ చివరి పని రోజు నుంచి 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. దావాకు గడువు ఏడాది. మొహమాటపడి ఊరుకుంటే హక్కు చేజారినట్టే.

బ్రిటన్ చాలా ఆలస్యంగా మేల్కొంది. ‘మాకు వస్తే మీకిస్తాం’ అనే షరతును 1996 చట్టం దాదాపుగా నిషేధించింది. తగవును 28 రోజుల్లో తేల్చే మధ్యవర్తినీ ఏర్పాటు చేసింది. అయినా 2018 జనవరిలో కరిలియన్ అనే భారీ నిర్మాణ సంస్థ కూలిపోయినప్పుడు, సుమారు 30,000 మంది సరఫరాదారులకు, సబ్ కాంట్రాక్టర్లకు దాదాపు 200 కోట్ల పౌండ్లు బాకీ తేలింది. చట్టం ఉన్నా ఇంత నష్టం జరగడం బాధాకరం.

మన దేశంలో 1993 చట్టం ఆలస్యపు చెల్లింపుల మీద వడ్డీ తెచ్చింది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం దాన్ని గట్టిపరిచింది. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు రాష్ట్రాల్లో ఫెసిలిటేషన్ కౌన్సిళ్లున్నాయి. అయితే సరుకు, పని కలిసిన వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తించదని బొంబాయి హైకోర్టు వంటివి తీర్పులిచ్చాయి. వైరింగ్ పనుల్లో చాలావరకు అలాంటివే. కష్టపడినవాడిని చట్టం గుమ్మం దగ్గరే ఆపేయడం అన్యాయం.

ఇల్లు కట్టించుకున్న మామూలు యజమాని బాకీపడితే మిగిలేది సివిల్ కోర్టే. పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లలో దావా వేయాలి. అంతదూరం పోలేక అనుభవమున్న కాంట్రాక్టర్లు పైపులు వేసినప్పుడు ఇంత, వైర్లు లాగినప్పుడు ఇంత, స్విచ్‌బోర్డులు బిగించేముందు ఇంత అని ముందే రాయించుకుంటారు.