మోనికా కొడుకు పేరిట ఒక ఊరు

శాంటా మోనికా బీచ్‌లో ఫోటోలు దిగనివాళ్లు మనలో తక్కువే. ఆ మోనికా ఎవరని మాత్రం ఎప్పుడూ అడిగి ఉండం. దారి తప్పిన కొడుకు కోసం ఏళ్ల తరబడి ఏడుస్తూ ప్రార్థించిన తల్లి ఆవిడ. ఆ కొడుకే సెయింట్ అగస్టీన్. 354లో ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియాలో పుట్టాడు. ఆయన పేరున్న ఊరు అమెరికాకి ఇటు చివర, ఫ్లోరిడా తీరంలో ఉంది. ఒర్లాండో నుంచి కారులో రెండు గంటలే. డిస్నీకి వెళ్లినప్పుడు ఒక్కరోజు మిగుల్చుకుంటే చాలు.

1565 ఆగస్టు 28న, అగస్టీన్ పండగనాడు, స్పెయిన్ ఓడలకి ఈ తీరం కనబడింది. అందుకే ఆ పేరు. అప్పటికే ఇక్కడ తిముక్వా జనం ఉన్నారు. యూరప్‌వాళ్లు అమెరికా ప్రధాన భూభాగంలో కట్టుకున్న ఊళ్లలో, నేటిదాకా జనం వదలకుండా ఉంటున్న అతి పాత ఊరు ఇదే.

అందరూ ముందు చూసేది కస్తీయో దే సాన్ మార్కోస్ కోట. 1672లో మొదలుపెట్టి 1695కి పూర్తి చేశారు. రాయిని దగ్గరగా చూడండి, అన్నీ చిన్న చిన్న గవ్వచిప్పలే! కొకీనా అంటారు. ఫిరంగి గుండు తగిలితే పగలదు, లోపలికి దిగిపోతుందంతే. 1702లో ఇంగ్లీషువాళ్లు ఊరు తగలబెడితే, సుమారు 1500 మంది పిల్లాజెల్లాతో ఈ గోడల మధ్యే ప్రాణాలు కాపాడుకున్నారు.

కోటకి ఉత్తరంగా రెండు మైళ్లలో ఫోర్ట్ మోసే. కరోలినాలో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన నల్లజాతివాళ్లకి 1738లో స్పెయిన్ గవర్నరు ఇచ్చిన చోటు అది. ఉత్త దయ అనుకోకండి. మతం మారాలి, సైన్యంలో చేరాలి. అయినా స్వేచ్ఛ స్వేచ్ఛే కదా. అప్పటి కట్టడం మిగల్లేదు. చిత్తడి నేల, మ్యూజియం ఉన్నాయి.

ఆఫ్రికాలో పుట్టిన సాధువు పేరు పెట్టుకున్న ఇదే ఊళ్లో, 1964లో నల్లవాళ్లని హోటల్లో కూర్చుని తిననిచ్చేవారు కాదు. జూన్ 11న మార్టిన్ లూథర్ కింగ్‌ని ఇక్కడే అరెస్టు చేశారు. 18న ఒక మోటెల్ ఈతకొలనులోకి నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి దిగితే, యజమాని నీళ్లలో యాసిడ్ పోశాడు. ఆ ఫోటో లోకమంతా చూసింది. మర్నాడే సెనేట్‌లో పౌరహక్కుల బిల్లు నెగ్గింది. జూలై 2న చట్టమైంది.

దీనితో మనకేం పని అంటారా? అంతకుముందు ఇండియా నుంచి వలసకి ఏడాదికి 100 మందికే కోటా. ఆ పోరాటాల వేడిలోనే, 1965లో, దేశాన్ని బట్టి కోటా పెట్టే పద్ధతి పోయింది. మనం ఇక్కడికి వచ్చిన తలుపు అదే. ఆ తలుపు తెరవడానికి దెబ్బలు తిన్నవాళ్లు మనవాళ్లు కారు.

కాబట్టి ఈసారి వెళితే కోట ఒక్కటే చూసి తిరిగి రాకండి. పిల్లల్ని మోసేకి కూడా తీసుకెళ్లండి. ఈ కథ మీ నోటితో చెప్పండి.