క్యామ్ షాఫ్ట్ టైమింగ్: కొలత నుంచి గుర్తుకు, గుర్తు నుంచి మళ్లీ కొలతకు

నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజన్‌లో ఇంధన మిశ్రమాన్ని లోపలికి రానిచ్చే ఇన్‌లెట్ వాల్వు, కాలిన వాయువును బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో క్యామ్ షాఫ్ట్ నిర్ణయిస్తుంది. గుడ్డు ఆకారపు ఉబ్బులున్న ఈ ఇరుసు, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ రెండు ఇరుసుల మధ్య కుదర్చవలసిన కోణ సంబంధాన్నే టైమింగ్ అంటారు. రెండుకు ఒకటి అనే నిష్పత్తి వాటిని కలిపే చక్రాల పళ్ల సంఖ్యతోనే స్థిరపడుతుంది కాబట్టి దానికి ఢోకా లేదు. ఏ పన్నును ఏ పన్నుతో కలిపి బిగించాలన్న దగ్గరే ఓవర్‌హాల్ చేసేవారి నేర్పు బయటపడుతుంది.

తొలినాళ్లలో ఈ సమస్య సగమే ఉండేది. 1876లో నికోలస్ ఒట్టో నడిపి చూపిన ఇంజన్ తరువాత వచ్చిన తొలి మోటారు కార్లలో చాలావాటిలో ఇన్‌లెట్ వాల్వును తెరవడానికి క్యామ్ అంటూ లేదు. పిస్టన్ కిందికి దిగినప్పుడు పుట్టే పీల్పుకు బలహీనమైన స్ప్రింగు లొంగి వాల్వు దానంతటదే తెరుచుకునేది. ఎగ్జాస్ట్ వాల్వును మాత్రమే క్యామ్ ఎత్తేది. వేగం పెరిగేకొద్దీ ఆ పీల్పు మీద ఆధారపడటం కుదరని పని అయింది. విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన 1901 నాటి 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌లో రెండు రకాల వాల్వులనూ క్యాములే తెరిచాయి. అప్పటి నుంచి ఇన్‌లెట్ వాల్వు తెరుచుకునే క్షణం కూడా ఇంజన్ కట్టేవారి చేతికి వచ్చింది.

ఆ క్షణాన్ని మొదట కోణంలో కాక దూరంలో చెప్పేవారు. 1908లో మొదలైన ఫోర్డ్ మోడల్ టి కారుకు కంపెనీ ఇచ్చిన సూచనల ప్రకారం, పిస్టన్ పైకి వెళ్లి ఆగే చివరి స్థానంలో, అంటే మెకానిక్కులు టీడీసీ అని పిలిచే టాప్ డెడ్ సెంటర్‌లో, ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవాలి. పిస్టన్ అక్కడి నుంచి అంగుళంలో పదహారో వంతు దిగాక ఇన్‌లెట్ వాల్వు తెరుచుకోవాలి. చేతిలో స్కేలు ఉన్న ఏ గ్రామీణ మెకానిక్కైనా చేయగల పని కావడం ఈ పద్ధతిలోని గొప్పతనం. అయితే టీడీసీ దగ్గర క్రాంక్ ఎంత తిరిగినా పిస్టన్ కదిలేది స్వల్పం. నాలుగు అంగుళాల స్ట్రోకున్న ఆ ఇంజన్‌లో ఆ పదహారో వంతు సుమారు 12 డిగ్రీల తిప్పుతో సమానం. నెమ్మదిగా తిరిగే ఇంజన్ ఆ మోటుదనాన్ని భరించింది.

వేగంగా తిరిగే ఇంజన్లకు అది చాలలేదు. బయటికి పోతున్న వాయువు వేగమే కొత్త మిశ్రమాన్ని లోపలికి లాగుతుందని తేలాక, ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోకముందే ఇన్‌లెట్‌ను తెరవడం రివాజైంది. రెండూ తెరిచి ఉండే ఆ వ్యవధిని ఓవర్‌ల్యాప్ అంటారు. 1959 నాటి 848 సీసీ మినీలో ఇన్‌లెట్ టీడీసీకి 5 డిగ్రీల ముందు తెరుచుకుంటుంది, ఎగ్జాస్ట్ 10 డిగ్రీల తరువాత మూసుకుంటుంది, అంటే ఓవర్‌ల్యాప్ 15 డిగ్రీలు. ఆ మినీని తయారుచేసిన బీఎంసీ సంస్థే ఎంజీబీ స్పోర్ట్స్ కారుకు 16, 21 డిగ్రీలు పెట్టి దాన్ని 37కు పెంచింది. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు నడిచిన 1489 సీసీ ఇంజన్, ఈ ఎంజీబీ ఇంజన్ రెండూ బీఎంసీ వారి బి-సిరీస్‌కు చెందినవే.

డిగ్రీలు ఇంత సూక్ష్మమయ్యే సరికి, విచిత్రంగా, మెకానిక్కు చేతిలోంచి కొలత జారిపోయింది. కర్మాగారం రెండు ఇరుసుల పళ్ల చక్రాల మీదా, అంటే స్ప్రాకెట్ల మీదా, చుక్కలు కొట్టి పంపేది. ఆ చుక్కలు ఎదురెదురుగా వచ్చేలా పెట్టి రెంటినీ కలిపే చైను తొడిగితే పని ముగిసేది. భారీ ఉత్పత్తికి ఇంతకంటే మేలైన ఉపాయం లేదు. కానీ చుక్క చెప్పేది ఏ పన్నో మాత్రమే. క్రాంక్ స్ప్రాకెట్‌కు 20 పళ్లుంటే ఒక్క పన్ను జారినా 18 డిగ్రీల తేడా వస్తుంది. ఆ 18 డిగ్రీల లోపు జరిగే తప్పులను చుక్క పట్టుకోలేదు.

ఈ లోపాన్ని సృష్టికర్తలే గుర్తించి సరిదిద్దిన ఇంజన్లలో 1948లో ఎక్స్‌కే 120 కారుతో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్‌ది గౌరవనీయమైన స్థానం. 1912లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ గెలిచిన పెజో కారులో వలె ఇందులోనూ రెండు క్యామ్ షాఫ్టులు సిలిండర్ హెడ్డు మీదే ఉంటాయి. ముందువైపున్న ఆరో సిలిండర్ పిస్టన్‌ను టీడీసీకి తెచ్చి, క్యామ్ షాఫ్టుల గాడిలో ప్రత్యేకమైన గేజ్‌ను కూర్చోబెట్టి, చైనుకు బిగువు ఇచ్చాక స్ప్రాకెట్ లోపలి పళ్ల బిళ్లను వెనక్కి లాగి తిప్పి, బోల్టు రంధ్రాలు కలిసే స్థానంలో తిరిగి కూర్చోబెడతారు. రంధ్రాలు కలవకపోతే బిళ్లను అర్ధచుట్టు తిప్పితే చాలు, పన్నుకు పన్నుకు మధ్యనున్న స్థానం దొరుకుతుంది. హెడ్డు బిగించి ఉండగా ఒక క్యామ్ షాఫ్ట్‌ను విడిగా తిప్పరాదన్నది ఇక్కడ ప్రాణప్రదమైన నియమం. అలా తిప్పితే వాల్వులు ఒకదానికొకటి, లేదా పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి.

ఇటువంటి సర్దుబాటు లేని పాత ఇంజన్ల విషయంలోనే నేటి పునరుద్ధరణకారులు కొలతకు తిరిగి రావలసి వచ్చింది. అరిగి సాగిన చైను క్యామ్‌ను వెనకబెడుతుంది. క్యామ్ హెడ్డు మీదున్న ఇంజన్లలో హెడ్డును చెక్కించి పలచన చేసినా అదే జరుగుతుంది. తిరిగి గ్రైండ్ చేసిన క్యామ్ షాఫ్ట్ మీద ఉబ్బు స్థానమే కాస్త మారి ఉండవచ్చు. క్రాంక్ పుల్లీ మీది టీడీసీ గుర్తును కూడా నమ్మడానికి లేదు, ఎందుకంటే రబ్బరు పొర మీద అతికిన పుల్లీలలో బయటి చట్రం కాలక్రమంలో జరుగుతుంది. అందుకే ముందుగా పిస్టన్ టీడీసీ చేరకుండా అడ్డుకునే బోల్టును స్పార్క్ ప్లగ్ రంధ్రంలో బిగించి, క్రాంక్‌ను రెండువైపులా తగిలేవరకు తిప్పి, క్రాంక్‌కు బిగించిన డిగ్రీల చక్రం మీద ఆ రెండు అంకెల నడిమి స్థానాన్ని అసలైన టీడీసీగా నిర్ణయిస్తారు.

తరువాత ఆ బోల్టును తీసేసి, డయల్ గేజ్ ముల్లును, క్యామ్ కదలికను మొదటి ఇన్‌లెట్ వాల్వుకు చేర్చే పుష్‌రాడ్ మీద ఆనిస్తారు. వాల్వు పూర్తిగా తెరుచుకునే చోట ముల్లు చాలాసేపు కదలనట్టే ఉంటుంది కాబట్టి ఆ శిఖరాన్ని కంటితో పట్టలేరు; శిఖరానికి ముందు, తరువాత ఒకే ఎత్తు చూపే రెండు స్థానాల సగటు తీస్తారు. ఎంజీబీలో ఇన్‌లెట్ టీడీసీకి 16 డిగ్రీల ముందు తెరుచుకుని, పిస్టన్ అడుగు దాటాక 56 డిగ్రీలకు మూసుకుంటుంది గనుక శిఖరం టీడీసీ తరువాత 110 డిగ్రీల దగ్గర ఉండాలి. గేజ్ ఒకే ఎత్తు చూపే ఆ రెండు స్థానాల్లో డిగ్రీల చక్రం 84, 144 చూపితే సగటు 114. క్యామ్ నాలుగు డిగ్రీలు వెనుకబడిందన్నమాట. అప్పుడు స్ప్రాకెట్‌ను ఇరుసుకు పట్టి ఉంచే కీ స్థానంలో అంతమేర మెట్టు ఉన్న ఆఫ్‌సెట్ కీ వేసి, ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, అవే కొలతలను మళ్లీ తీసుకుంటారు.