హాజరుపట్టీలో మన పేరు

షోలాపురపు తెలుగువారి చరిత్రను మగ్గముతో ఆరంభించుట వాడుక. మేము హాజరుపట్టీతో ఆరంభింపదలచితిమి. ఏలయన మా యుద్యోగకాలమంతయు గుమాస్తా బల్లయొద్దనే గడచినది.

తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబములనేకము మగ్గమును నమ్ముకొని ఈ పట్టణమునకు వలసవచ్చినవి. 1870ల దశకమున ఇచ్చట బట్టలమిల్లు వెలసిన పిదప పురుషులు పలువురు మిల్లులలో జేరిరి. కాలక్రమమున స్త్రీలు బీడీలు చుట్ట నారంభించిరి. ఇంటి మగ్గమునొద్ద నేతగాని పేరు అందరెరిగినదే. మిల్లులోనో, పేరు పట్టీ కెక్కినగాని కూలి లేదు.

మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. మరాఠీవారికి సొంతపేరు, తండ్రిపేరు, కడపట ఇంటిపేరు; వివాహితకు తండ్రిపేరు స్థానమున భర్తపేరు. గుమాస్తా తన కలవాటైన వరుసలోనే వ్రాయును. ఇట్లు మన లక్ష్మమ్మ 'లక్ష్మీబాయి' యైనది. ఇందు ద్వేషమేమియు లేదు. 1949లో షోలాపురపు పెద్దమిల్లు మూతపడినపుడు తెలుగు, మరాఠీ, కన్నడ కార్మికులందరును ఒక్కతీరుగనే వీధిని బడిరి. 1950లో ప్రభుత్వము ప్రత్యేక శాసనముచే ఆ మిల్లు నిర్వహణమును చేపట్టినదియు ఏ యొక్క భాషవారికొరకో కాదు. కష్టము భాష నడుగదు. కాగితము మాత్రము పేరడుగును.

1952 నాటి భవిష్యనిధి శాసనము బట్టలమిల్లులకు వర్తించెను; 1977లో బీడీ పరిశ్రమకును విస్తరించెను. అప్పటినుండి పేరు కూలికే గాక వార్ధక్యమునకును ఆధారమైనది.

మేము పనిచేసినచోట నొక తెలుగు కార్మికుడు మరణించెను. నిధి పత్రమున అతని భార్య పేరు చివర 'బాయి'. రేషను కార్డున 'అమ్మ'. ఇరువురు వేరని అధికారులనిరి. ఆమె రెండేండ్లు తిరిగినది. ఆ పత్రము వ్రాసిన చేయి మాదే. తెలుగువారమైయుండియు, ఆఫీసు వాడుకకు లోబడి, ఆమె పేరేమో అడుగకయే వ్రాసితిమి. ఆమె మమ్ము నిందింపలేదు. "అయ్యా, ఇప్పుడు నా పేరు ఏమని చెప్పాలె?" అని మాత్రమడిగినది. మాకు బదులు తోచలేదు.

మరాఠీ వరుసలో వ్రాసికొన్నంత మాత్రమున తెలుగుదనము పోదు. ఏ వరుసయైనను తామెరిగి యెన్నుకొన్నదై, అన్ని కాగితములందు నొక్కటిగా నుండవలెను. పాఠక మహాశయులు నేడే తమ పెట్టెలోని ఆధారు కార్డును, బ్యాంకు పుస్తకమును, నిధి పత్రమును ప్రక్కప్రక్కన నుంచి, ముఖ్యముగా ఇంటి స్త్రీల పేర్లను సరిచూచుకొందురుగాక.