బంగ్లాదేశ్ అగ్ని, భవన భద్రతా ఒప్పందము

బంగ్లాదేశ్ అగ్ని, భవన భద్రతా ఒప్పందము విదేశీ దుస్తుల సంస్థలకు, కార్మిక సంఘాలకు మధ్య 2013 మే నెలలో కుదిరినది. దీనిని అకార్డ్ అని కూడా వ్యవహరిస్తారు. తమ సొంతము కాని కర్మాగారాలలోని కార్మికుల భద్రతకు కొనుగోలు సంస్థలు చట్టరీత్యా కట్టుబడుట ఇందలి విశేషము.

నేపథ్యము

ఢాకా సమీపమున సావర్‌లో రాణా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల భవనము ఉండేది. అందులో దుస్తుల కర్మాగారాలతో పాటు ఒక బ్యాంకు, దుకాణాలు ఉండేవి. పై అంతస్తులను అనుమతి లేకుండా కట్టారు. 2013 ఏప్రిల్ 23న భవనములో పగుళ్ళు కనిపించగా బ్యాంకును, దుకాణాలను మూసివేశారు. కుట్టుపనివారిని మాత్రము మరునాడు పనిలోకి రమ్మన్నారు. రాకపోతే జీతము ఆపుతామని బెదిరించినట్లు ప్రాణాలతో బయటపడినవారు చెప్పారు. 24వ తేదీ ఉదయము విద్యుత్తు పోయినది. పై అంతస్తులలోని జనరేటర్లు నడవనారంభించిన కొద్దిసేపటికే భవనము కూలిపోయినది. 1,134 మంది మరణించారు, సుమారు 2,500 మంది గాయపడ్డారు. మృతులలో అధికులు స్త్రీలు.

ప్రైమార్క్, బెనెటన్, మ్యాంగో వంటి సంస్థలకు ఇక్కడి కర్మాగారాలతో లావాదేవీలు ఉండేవి. ఇటువంటి సంస్థలలో చాలావాటికి ప్రవర్తనా నియమావళి అప్పటికే ఉన్నది. రాణా ప్లాజాలోని రెండు కర్మాగారాలలో అటువంటి నియమావళి ప్రకారము ముందే తనిఖీ కూడా జరిగినది. అయితే భవన పటిష్ఠత ఆ తనిఖీల పరిధిలోనిది కాదని నిర్వాహకులు తరువాత వివరించారు. పనివారు ఏ కప్పు క్రింద కూర్చున్నారో చూడని తనిఖీ అది.

ఒప్పందములోని అంశాలు

ఇండస్ట్రిఆల్, యూఎన్ఐ అను అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు కార్మికుల పక్షమున సంతకము చేశాయి. క్రమముగా 200కు పైగా సంస్థలు చేరాయి, 1,600కు పైగా కర్మాగారాలు దీని పరిధిలోకి వచ్చాయి. స్వతంత్ర ఇంజనీర్లు భవనాలను, విద్యుత్ ఏర్పాట్లను, అగ్నిమాపక సౌకర్యాలను పరీక్షించి నివేదికలను బహిరంగపరచవలెను. మరమ్మతులు చేయించని కర్మాగారమునుండి సరుకు కొనరాదు. ప్రమాదకరమని తోచిన పనిని నిరాకరించే హక్కు కార్మికునికి కలదు. వివాదములు మధ్యవర్తిత్వమునకు వెళ్తాయి. ఈ నిబంధనయే ఒప్పందమునకు ప్రాణము. 2016లో రెండు సంస్థలపై కార్మిక సమాఖ్యలు హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానమును ఆశ్రయించాయి. రెండు వివాదములూ రాజీతో ముగిశాయి. ఒక సంస్థ 23 లక్షల డాలర్లు చెల్లించుటకు 2018 జనవరిలో అంగీకరించినది. ఆ సంస్థల పేర్లను వెల్లడించలేదు.

వాల్‌మార్ట్, గ్యాప్ మొదలైన ఉత్తర అమెరికా సంస్థలు ఇందులో చేరక, 2013 జులైలో అలయన్స్ అను వేరు ఏర్పాటు చేసుకున్నాయి.

నష్టపరిహారము

బాధితుల పరిహారనిధికి చందాలు మాత్రము సంస్థల ఇష్టానికే వదిలివేయబడ్డాయి. అందువలన లక్ష్యమైన 3 కోట్ల డాలర్లు సమకూరుటకు 2015 జూన్ వరకు, అనగా రెండేళ్ళకు పైగా, పట్టినది.

తరువాతి పరిణామాలు

2020లో తనిఖీల బాధ్యత ఆర్ఎంజి సస్టెయినబిలిటీ కౌన్సిల్ అను స్థానిక సంస్థకు బదిలీ అయినది. 2021లో అంతర్జాతీయ ఒప్పందము కుదిరి, 2023లో పాకిస్తాన్‌కు విస్తరించినది.