దగ్గు వినడం కాదు, డొక్క చూడు

ఆ నెగడు కాస్త ఎగదోయి నాయనా, పొగ మాత్రం నా మొహాన కొట్టించకు. ధనుర్మాసంలో మా హొసకోటె చెరువు మీద మంచు దిగితే పక్కింటి గోడ కూడా కనపడేది కాదు. పసిబిడ్డ దగ్గిందా, ఇంట్లో తలకో వైద్యం. ఒకరు దిష్టి తీస్తే, ఇంకొకరు ముక్కులో ఆముదం చుక్క వేసేవాళ్ళు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే కొత్త నెమ్ము పట్టుకుంటుందని ఏ ముసలమ్మకు చెబుతావు? ‘నువ్వూ ఆ చుక్కతోనే పెరిగావురా’ అని నోరు మూయించేది. పొట్ట మీద వాతలు పెట్టిన మహానుభావులూ ఉన్నారు. బిడ్డ కెవ్వుమంటే వైద్యం పారిందనేవాళ్ళు!

నెమ్ము చలికి వస్తుందనుకునేవాళ్ళం. చలి కాదురా, క్రిమి. న్యుమోకాకస్ అనే బాక్టీరియా కావచ్చు, ఫ్లూ లాంటి వైరస్ కావచ్చు. ఊపిరితిత్తుల్లోని గాలితిత్తుల్లో చీమూ నీరూ చేరి గాలికి చోటుండదు. తలుపులు బిగించుకుని, కట్టెలపొయ్యి పొగలో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకుంటే క్రిమికి అంతకన్నా ఏం కావాలి?

మా డాక్టరు గారు స్టెతస్కోపుకంటే ముందు గడియారం తీసేవారు. మేం దగ్గు చప్పుడుకు బెదిరితే, ఆయన ఎద మీద గుడ్డ తొలగించి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టేవారు. ఇప్పటికీ అదే లెక్క. రెండు నెలల్లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాదిలోపు 50, ఐదేళ్ళలోపు 40. అంతకు చేరితే ఆస్పత్రికి నడవాల్సిందే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు పట్టకపోయినా లెక్కతో పనేలేదు, పరుగే. ముసలివాళ్ళకు జ్వరమే రాకపోవచ్చు, తికమకగా మాట్లాడతారు. ఇప్పుడు నేను మాట్లాడుతున్నట్టు కాదులే, నవ్వకు.

అప్పట్లో మందుకు సీసా మనమే పట్టుకెళ్ళాలి. మరిచిపోతే కాంపౌండరు నాలుగణాలు గుంజేవాడని కొందరు ఆముదం సీసానే కడక్కుండా తెచ్చేవాళ్ళు. ఎర్రమందు పోసి, గాట్లు కత్తిరించిన కాగితం అంటించేవాడు, గాటుకో మోతాదు. సరే, సీసాల గోల పక్కన పెడదాం. ఆ నీళ్ళకు నెమ్ము లొంగేదా? పెన్సిలిన్ సూది వచ్చాకే లొంగింది. గాజు సిరంజి మరిగే చప్పుడుకే మేం మాయం! ముదిరితే బెంగళూరులో 1900లో తెరిచిన విక్టోరియా ఆస్పత్రి. ఊపిరుంటే ఉప్పమ్ముకునైనా బతకొచ్చని, మేకను అమ్మి బస్సెక్కేవాళ్ళు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లీ మందుల కంపెనీలోనే డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్ అనే మందు కనిపెట్టాడు, 1948లో లోకానికి తెలిసింది. అదీ నెమ్ముకు పనికొచ్చింది. ఇప్పుడు బాక్టీరియా నెమ్ముకు అమాక్సిసిలిన్, ఊపిరి చాలకపోతే ఆక్సిజన్. రెండ్రోజులకే తేలికపడిందని మందు ఆపేసే తెలివి మాత్రం మా కాలానిదే, మీరూ వదల్లేదు.

న్యుమోకాకస్ టీకా 2021 నుంచి దేశమంతా ఉచితమే. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో. నీ కూతురికి మూడోది వేయించావా? ఏదీ, ఆ కార్డు పట్రా.