పుంజు కూత నుంచి ఆడ ఎలుక పరుగు దాకా

మన పశువుల కొట్టంలో మగ జీవానికి రెండు పేర్లు. విత్తు కొట్టకుండా వదిలేస్తే ఆబోతు, కొడితే ఎద్దు. మొదటిది ఊరి మీద పడి తిరుగుతుంది, రెండోది కాడి కింద మెడ వంచుతుంది. ఏది నలగ్గొడితే ఏ పొగరు అణుగుతుందో రైతుకు తరతరాలుగా తెలుసు. ఎందుకు అణుగుతుందన్న ప్రశ్నను ప్రయోగంగా మార్చినవాడు ఆర్నాల్డ్ బెర్తోల్డ్. జర్మనీలోని గోటింగెన్‌లో, 1849లో, ఆరు కోడిపుంజులతో ఆ పని చేశాడు.

వాటికి వృషణాలు తీసి, రెండింటిని అలాగే వదిలాడు. మరో రెండింటికి వాటిదే ఒకటి తిరిగి కడుపులో పెట్టాడు. చివరి రెండింటికి ఒకదానిది ఇంకోదానికి మార్చి పెట్టాడు. వదిలేసిన రెండూ తురాయి వాడిపోయి, కూత మరిచి, పెట్టల వంకైనా చూడలేదు. మిగతా నాలుగూ మామూలు పుంజుల్లాగే కూశాయి, కొట్టుకున్నాయి, పెట్టల వెంట పడ్డాయి. కోసి చూస్తే కడుపులో పెట్టిన వృషణానికి కొత్త రక్తనాళాలు అల్లుకున్నాయి. పాత నరాలు తెగిపోయాయి. అంటే పుంజుతనం నరాల్లో కాదు, నెత్తుట్లో పారుతోందన్న మాట. ఇంత గొప్ప సంగతిని బెర్తోల్డ్ కొద్ది పేజీల్లో రాసి ఊరుకున్నాడు. యాభై ఏళ్లకు పైగా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఫ్రాన్స్‌లో బ్రౌన్-సెకార్ మాత్రం ఊరుకునే రకం కాదు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు తీసేస్తే జంతువు బతకదని 1856లో చూపినవాడు ఆయనే. అదే మనిషి 1889లో, డెబ్బై రెండేళ్ల వయసులో, కుక్కల, గినీ పందుల వృషణాల రసం తన ఒంట్లోకి ఎక్కించుకుని, యవ్వనం తిరిగొచ్చిందని పారిస్ శాస్త్రజ్ఞుల ముందు ప్రకటించాడు. అది మనసు చేసిన మాయ తప్ప రసం మహిమ కాదని నేటి అంచనా. అప్పట్లో మాత్రం అలాంటి రసాల వ్యాపారం జోరుగా సాగింది. నవ్వుకోవచ్చు గానీ ఒకటి గమనించాలి. ఒత్తిడికి మూలమైన గ్రంథి, మగతనానికి మూలమైన గ్రంథి రెండూ ఒకే పరిశోధకుడి బల్ల మీద కలిశాయి. తర్వాత చాలాకాలం అవి విడివిడిగానే నడిచాయి. 1905లో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ ‘కదిలించేది’ అనే అర్థమున్న గ్రీకు మాట తీసుకుని ‘హార్మోన్’ అని పేరు పెట్టాక, రెండు దారులకూ ఒక ఉమ్మడి పేరు మాత్రం దక్కింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ పిల్లులది. ఎక్స్-కిరణాలు కొత్తగా వచ్చిన రోజులవి. కిరణాలకు కనబడే పదార్థం కలిపిన మేత పెట్టి, పిల్లిని చట్రానికి కట్టి, జీర్ణమయ్యేటప్పుడు దాని కడుపు కదలికలు చూసేవాడు. కొన్ని పిల్లుల్లో కడుపు అలలు అలలుగా చక్కగా కదిలేది. కొన్నింటిలో అసలు చలనమే లేదు. ఎందుకో తెలియక వారాలు గడిచాయి. చివరికి తేలింది: కదలని కడుపులన్నీ మగ పిల్లులవి. కట్టగానే అవి గింజుకుని మండిపడేవి. ఆడ పిల్లులు, అందులోనూ వయసు మళ్లినవి, నిమ్మళంగా పడుకునేవి. ఒకసారి పిల్లల తల్లి ఒకటి హఠాత్తుగా కలవరపడింది. అంతవరకు కదులుతున్న దాని కడుపు టక్కున ఆగిపోయింది. నిమ్మళించాక మళ్లీ మొదలైంది.

కానన్ ఆ పోగును పట్టుకుని చాలా దూరం వెళ్లాడు. కుక్క మొరిగితే బెదిరిన పిల్లి నెత్తుట్లోకి అడ్రినల్ రసం పొంగుతుందని 1911లో చూపాడు. 1915లో పుస్తకం రాశాడు. ఆపద ఎదురైతే శరీరం పోరాడడానికో పారిపోవడానికో సిద్ధమవుతుందన్న సిద్ధాంతం అక్కడి నుంచే పుట్టింది. అయితే ఆ సిద్ధాంతం మొట్టమొదట ఆడ, మగ తేడాగా కనిపించిందన్న సంగతి కథలోంచి జారిపోయింది. సిద్ధాంతంలో మిగిలింది ఒక్క జంతువే, దానికి ఆడా మగా లేదు. నిజానికి అది మగదే.

ఇలాంటిదే మరొకటి మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. హాన్స్ సెల్యే అనే యువకుడు వెతుకుతున్నది ఒత్తిడిని కాదు, అండాశయంలోని ఒక కొత్త హార్మోన్‌ని. అండాశయ రసం ఎక్కించిన ఎలుకల్లో అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ గ్రంథి ముడుచుకుపోయింది, కడుపులో పుండ్లు పడి నెత్తురు కారింది. కొత్త హార్మోన్ దొరికిందని పొంగిపోయాడు. కానీ వేరే అవయవాల రసం ఎక్కించినా అదే ఫలితం. చివరికి ఫార్మలిన్ ఎక్కించినా అదే! కుర్రవాడి గుండె జారిపోయి ఉంటుంది. ఏ దెబ్బ తగిలినా శరీరం ఒకే తీరుగా స్పందిస్తుందేమోనని తోచాక ఆ నిరాశే కొత్త శాస్త్రానికి పునాది అయింది. 1936 జులైలో ‘నేచర్’ పత్రికలో పేజీ కూడా నిండని లేఖ రాశాడు. అందులో ‘స్ట్రెస్’ అన్న మాటే లేదు. లోహాల మీద పడే బరువుకు వాడే ఆ మాట తర్వాత వచ్చి చేరింది. ఆడ హార్మోన్ వెతుకులాటలో పుట్టిన ఒత్తిడి శాస్త్రం పుట్టగానే ఆడ హార్మోన్‌ని వదిలేసింది.

సెక్స్ హార్మోన్ల దారి వేరుగా సాగింది. 1935లో టెస్టోస్టెరాన్ చేతికందింది. అసలు మలుపు 1959లో, కాన్సాస్‌లో విలియం యంగ్ బృందంతో వచ్చింది. చూలుతో ఉన్న గినీ పందులకు టెస్టోస్టెరాన్ ఇచ్చారు. పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక వాటికి ఆడ హార్మోన్లు ఎక్కించినా మగదాన్ని సరిగా రానివ్వలేదు సరికదా, తామే మగవాటిలా ఎక్కబోయాయి. హార్మోన్ అప్పటికప్పుడు కోరిక రేపి పోయే మందు మాత్రమే కాదని, కడుపులో ఉండగానే మెదడును ఒక తీరున మలుస్తుందని అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ల తర్వాత ఫ్రెడరిక్ వామ్ సాల్ ఎలుకల్లో దీన్ని ఇంకా సన్నగా చూపించాడు. తల్లి కడుపులో ఇద్దరు అన్నదమ్ముల మధ్య పెరిగిన ఆడపిల్ల, అక్కచెల్లెళ్ల మధ్య పెరిగినదాని కన్నా కయ్యానికి ముందుంటుంది. పక్కవాటి హార్మోన్ దాని దాకా చేరుతుంది మరి.

ఒత్తిడి హార్మోన్ మెదడును తాకుతుందని 1968లో న్యూయార్క్‌లోని రాకెఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెకెవెన్ కనుక్కున్నాడు. కార్టికోస్టెరాన్ అనే ఆ హార్మోన్‌ని రేడియో ధార్మికతతో గుర్తు పెట్టి ఎలుకకు ఎక్కిస్తే, అది వెళ్లి జ్ఞాపకాల కొలువైన హిప్పోక్యాంపస్‌లో గట్టిగా అంటుకుంది. ఒత్తిడికీ జ్ఞాపకానికీ సంబంధం ఉండవచ్చని దాంతో తోచింది. కానీ ఆ తర్వాతి దశాబ్దాల్లో ఒత్తిడి పరిశోధనలో ఎక్కువగా కనిపించేవి మగ ఎలుకలే. ఆడ ఎలుకకు నాలుగైదు రోజుల రుతుచక్రం ఉంటుంది, దాంతో లెక్కలు చెదిరిపోతాయన్నది సాకు. సాకు అని ఎందుకంటున్నానో ముందు ముందు తెలుస్తుంది.

రుతుచక్రం నిజంగానే మెదడును మారుస్తుందని మెకెవెన్ ప్రయోగశాలలోనే తేలింది. కేథరిన్ వూలీ తదితరులు 1990లో ఆడ ఎలుకల హిప్పోక్యాంపస్ చూస్తే, నాడీకణాల కొమ్మల మీది ముళ్లు ఆ కొద్ది రోజుల్లోనే పెరిగి తరిగాయి. పెద్దయిన మెదడు ఇంత త్వరగా రూపు మార్చుకుంటుందని అంతకుముందు ఎవరూ ఊహించలేదు. దాన్ని ఒత్తిడితో కలిపి చూసింది ట్రేసీ షోర్స్. ఒక శబ్దం వినబడ్డాక కనురెప్పకు చిన్న షాక్ తగులుతుంది. ఎలుక శబ్దానికే రెప్ప వాల్చడం నేర్చుకోవాలి. ముందుగా ఒత్తిడికి గురిచేస్తే మగ ఎలుకలు ఈ పాఠాన్ని ఇంకా త్వరగా నేర్చాయి. అదే ఒత్తిడి ఆడ ఎలుకల చదువును చెడగొట్టింది. అండాశయాలు తీసేస్తే ఆ చెడుపు మాయమైంది. 1998 నాటి ఈ ఫలితం ఎంత విచిత్రమంటే, మగ ఎలుకల మీద మాత్రమే చేసి ఉంటే ఒత్తిడి చదువుకు మంచిదని పాఠ్యపుస్తకం రాసుకునేవాళ్లం.

ప్రయోగశాల బయట అడవుల్లోనూ ఇదే కథ. రాబర్ట్ సాపోల్‌స్కీ 1978 నుంచి కెన్యాలో బబూన్ కోతులకు మత్తుసూది వేసి నెత్తురు తీసి చూశాడు. హార్మోన్ లెక్కలు ముఖ్యంగా మగవాటివి. గుంపులో పెత్తనం స్థిరంగా ఉన్నన్నాళ్లు పైనున్న మగవాటికి ఒత్తిడి హార్మోన్ కార్టిజాల్ తక్కువ. పెత్తనం ఊగిసలాడితే ఆ సుఖం పోతుంది. ఎనభైల్లో ఒక గుంపులోని దూకుడు మగకోతులు పర్యాటకుల బస పక్కనున్న చెత్తకుప్ప మీద పోట్లాడి మాంసం తిని, క్షయ సోకి చనిపోయాయి. దాదాపు సగం మగవి పోయాయి. మిగిలిన సాధువులతో గుంపు నెమ్మదించింది. అట్టడుగున ఉన్న మగవాటిలో మామూలుగా కనిపించే ఒత్తిడి గుర్తులు అక్కడ కనిపించలేదు. తర్వాత బయటి నుంచి వచ్చి చేరిన మగవి కూడా ఆ మర్యాదే నేర్చుకున్నాయి.

మరి ఆడ బబూన్లు? వాటి అంతస్తు తల్లి నుంచి వస్తుంది, జీవితాంతం పెద్దగా మారదు. కాబట్టి వాటి దిగులు వేరు. బోట్స్వానాలో డొరొతీ చెనీ, రాబర్ట్ సీఫర్త్ బృందం 2006లో రాసిన దాని ప్రకారం, క్రూరమృగం నోట దగ్గరి చుట్టాన్ని పోగొట్టుకున్న ఆడకోతుల్లో ఒత్తిడి హార్మోన్ పెరిగింది. అప్పుడవి మూలకు ముడుచుకుని కూర్చోలేదు. కొత్త స్నేహాలు వెతుక్కున్నాయి, ఇంకా ఎక్కువ మందికి పేలు చూశాయి. పేలు చూస్తూ కష్టసుఖాలు చెప్పుకునే మన అరుగుల మీది ఆడవాళ్లు గుర్తుకొస్తే తప్పు నాది కాదు. అంతకు ఆరేళ్ల ముందే, 2000లో, షెల్లీ టేలర్ ఇలాంటి మాటే చెప్పింది. ఆపదలో ఆడప్రాణి పోరాటం, పలాయనం కన్నా పిల్లల్ని కాచుకోవడం, తోటివాళ్లతో కూడడం వైపు మొగ్గవచ్చు అని. మనుషుల మీద 1995కు ముందు జరిగిన ఒత్తిడి ప్రయోగాల్లో ఆడవాళ్లు సుమారు 17 శాతమేనని కూడా ఆమె లెక్క తీసింది. ఆమె సిద్ధాంతం తేడాను కాస్త ఎక్కువ చేసి చూపుతుందేమోనని నా అనుమానం. లెక్క మాత్రం తిరుగులేనిది.

బోట్స్వానా ఆడ బబూన్ల సంగతి సూదితో తెలిసింది కాదు, పేడతో తెలిసింది. జంతువును పట్టుకున్న కొద్ది నిమిషాలకే ఒత్తిడి హార్మోన్ పొంగుతుంది. పేడలో అయితే గడిచిన గంటల లెక్క నిలిచి ఉంటుంది. అమెరికాలో శామ్యూల్ వాసర్ 1997లో గుడ్లగూబల రెట్ట చూస్తే, కలప నరికే చోటికి, లారీల బాటకు దగ్గరగా ఉన్న మగవాటిలో ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. మన హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలలో కూడా అడవి జంతువుల పేడలో ఇలాగే హార్మోన్లు కొలుస్తారు.

నిర్ణయాల విషయానికి వస్తే, పోర్చుగల్ పరిశోధకులు 2009లో ఒక మంచి ప్రయోగం చేశారు. మీట నొక్కితే మేత వస్తుంది. కడుపునిండా ముందే పెట్టేస్తే మామూలు ఎలుక ఇక నొక్కదు. మూడు వారాలు ఒత్తిడిలో ఉంచిన ఎలుక మాత్రం ఆకలి లేకపోయినా నొక్కుతూనే ఉంది. ఆలోచన వాడుకకు లొంగిపోయింది. వాళ్లు వాడినవి మగ ఎలుకలే. ఆశ్చర్యపోనక్కర్లేదు. నాడీశాస్త్రంలో మగవాటిని మాత్రమే వాడిన పరిశోధనలు, ఆడవాటిని మాత్రమే వాడిన వాటికన్నా అయిదున్నర రెట్లు ఉన్నాయని అనలీస్ బీరీ, ఇర్వింగ్ జుకర్ 2011లో లెక్కగట్టారు. మూడేళ్లకు జుకర్ మరికొందరితో కలిసి 293 వ్యాసాలు తిరగేస్తే, ఆడ ఎలుకల లెక్కలు మగవాటికన్నా ఏమంత చెదిరిపోవడం లేదని తేలింది. నేను సాకు అన్నది అందుకే. అదే 2014లో అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇక మీదట రెండింటినీ పరిగణించాలని ప్రకటించింది.

పంజరం బయట నిలబడ్డవారి సంగతి కూడా అదే ఏడాది బయటపడింది. సెల్యే పనిచేసిన మెక్‌గిల్‌లోనే జెఫ్రీ మోగిల్ బృందం చూస్తే, గదిలో మగ పరిశోధకుడు ఉంటే చాలు, ఎలుకల ఒత్తిడి హార్మోన్ పెరుగుతోంది, అవి నొప్పి తక్కువగా చూపిస్తున్నాయి. మనిషి కూడా అక్కర్లేదు, రాత్రి అతను వేసుకున్న టీషర్టు చాలు. ఎలుకను పావుగంట గొట్టంలో బిగించినంత ఒత్తిడి అది. ఆడ పరిశోధకుల టీషర్టుకు అలా కాలేదు. అంతవరకు అచ్చయిన ఎన్ని ప్రయోగాల్లో ఎవరి చొక్కా వాసన కలిసిందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

మరుసటి ఏడు బోస్టన్‌లో రెబెకా షాన్‌స్కీ ప్రయోగశాల ఒక పాత కొలతను తిరగేసింది. శబ్దం, వెంటనే కాలికి షాక్. శబ్దానికే ఎలుక కొయ్యబారితే భయం నేర్చుకున్నట్టు, కొయ్యబారకపోతే నేర్చుకోనట్టు దశాబ్దాలుగా లెక్క. ఆడ ఎలుకలు తక్కువగా కొయ్యబారతాయి కాబట్టి వాటికి మార్కులు తక్కువ. వీళ్లు వీడియోలు జాగ్రత్తగా చూశారు. ఆడవాటిలో సుమారు 40 శాతం, మగవాటిలో సుమారు 10 శాతం, శబ్దం వినగానే కొయ్యబారకుండా పంజరంలో ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతున్నాయి. అవి శబ్దం అర్థం తెలుసుకున్నాయి. దారి వెతుకుతున్నాయి.